పించ్ హిట్టర్ చేసే పని: పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

బేస్‌బాల్‌లో లెన్నీ హారిస్ అనే ఆటగాడి సంగతి చదివి, ఆటంతా బెంచీ మీద కూర్చుని చివర్లో ఒక్కసారి బ్యాట్ పట్టుకునే మనిషికి జట్లు అన్నేళ్ళు పిలిచి మరీ జీతం ఎందుకు ఇచ్చాయని మీలో ఒకరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. అమెరికాలో పెరుగుతూ లిటిల్ లీగ్ (పిల్లల బేస్‌బాల్) ఆడుతున్నవారికి ఆట నియమాలు నాకన్నా బాగా తెలుసు. ఇక్కడ క్రికెట్ తప్ప మరొకటి చూడనివారికి మాత్రం మొదటి నుంచి చెప్పాలి. కాబట్టి అక్కడివారు ఒకటి రెండు పేరాలు ఓపిక పట్టండి.

బేస్‌బాల్ ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్; ఒక్కో ఇన్నింగ్స్‌లో ప్రతి జట్టూ ముగ్గురు అవుటయ్యేదాకా బ్యాట్ చేస్తుంది. బ్యాటరు బేస్‌లన్నీ చుట్టి వస్తే ఒక పరుగు. తొమ్మిది మంది ఒక వరుస ప్రకారం బ్యాటింగ్‌కు వస్తారు. ఆట మధ్యలో ఎవరి వంతు వచ్చినా, అతన్ని ఆపి బెంచీ మీది మరొకరిని పంపే హక్కు మేనేజరుకు ఉంది. అలా వచ్చినవాడే పించ్ హిట్టర్. అయితే ఎవరి స్థానంలో వచ్చాడో ఆ ఆటగాడు ఆ రోజుకు ఆట నుంచి పూర్తిగా తప్పుకున్నట్టే. మళ్ళీ మైదానంలోకి రాలేడు. మన క్రికెట్ వ్యాఖ్యాతలు మొదటి ఓవర్లలో దంచి కొట్టేవాణ్ణి అదే పేరుతో పిలుస్తారు గాని, అతని పని వేరు. 2023లో ఐపీఎల్ తెచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ నియమం దీనికి కొంత దగ్గరగా ఉంటుంది.

ఇంతకీ వరుసలో ఉన్నవాణ్ణి ఎందుకు ఆపుతారు? ముఖ్యమైన కారణం పిచర్. బంతి విసరడమే వృత్తిగా పెరిగిన పిచర్లు సాధారణంగా బ్యాటు పట్టడంలో చాలా బలహీనులు. అక్కడి రెండు మేజర్ లీగుల్లో ఒకటైన అమెరికన్ లీగ్ 1973లోనే పిచర్ బదులు బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాణ్ణి అనుమతించింది గాని, రెండోదైన నేషనల్ లీగ్ ఆ తరువాత కూడా దాదాపు అర్ధశతాబ్దం పాటు పిచర్ చేతికే బ్యాటు ఇచ్చింది. ఏడో ఇన్నింగ్స్‌లో ఒక్క పరుగు వెనకబడి ఉన్నప్పుడు పిచర్ వంతు వస్తే, అతన్ని పంపి అవుటవడం చూస్తూ కూర్చోవడం కన్నా, అతన్ని ఆట నుంచి తప్పించి బెంచీ మీది అసలైన బ్యాటరును పంపడం మేలు కదా. రెండో కారణం కుడి, ఎడమల లెక్క. కుడిచేతి పిచర్ విసిరే వంపు బంతి కుడిచేతి బ్యాటరుకు దూరంగా జారిపోతుంది, ఎడమచేతివాడి వైపు లోపలికి వస్తుంది. పిచర్లలో ఎక్కువమంది కుడిచేతివారు కాబట్టి, హారిస్ వంటి ఎడమచేతి బ్యాటరుకు బెంచీ మీద ఎప్పుడూ గిరాకీ ఉండేది.

ఇప్పుడు ఆ పనిలో ఉన్న కష్టం ఆలోచించండి. మొదటి నుంచి ఆడేవాడికి ఒక ఆటలో నాలుగైదు అవకాశాలు వస్తాయి. మొదటిసారి అవుటైనా పిచర్ బంతి వేగం, వంపు, ఆ రోజు అంపైరు ఏ బంతిని స్ట్రైక్ (కొట్టదగిన బంతి; ఇలాంటివి మూడు పోతే అవుట్) అంటున్నాడన్నది తెలుస్తుంది. రెండోసారికి చెయ్యి కుదురుతుంది. పించ్ హిట్టర్‌కు ఆ రెండోసారి ఉండదు. పైగా అతను వచ్చే సమయానికి ఎదుట నిలబడేది అలసిపోయిన పిచర్ కాదు; ఆ ఒక్క ఇన్నింగ్స్ కోసమే దాచి ఉంచిన, జట్టులో కెల్లా వేగంగా విసిరే రిలీవర్, అంటే మధ్యలో దించే పిచర్. ఒకే ఆటగాడు మొదటి నుంచి ఆడినప్పటి కన్నా పించ్ హిట్టర్‌గా వచ్చినప్పుడు తక్కువగా కొడతాడని లెక్కలు తీసినవారు ఏనాడో తేల్చారు. మన పద్యనాటకాలలో ఒకే ఒక్క పద్యం కోసం సాయంత్రమే రంగు పూసుకుని, అర్ధరాత్రి దాటేదాకా తెర వెనక కూర్చుని, వచ్చీరాగానే పై స్థాయిలో ఎత్తుకోవలసిన నటుడి పని ఇలాంటిదే. శ్రుతి చూసుకునే వ్యవధి ఉండదు.

అందుకే పైకి ఊరికే కూర్చున్నట్టు కనిపించే ఆ రెండు గంటలు నిజానికి పనివేళలు. మొదటి ఇన్నింగ్స్ నుంచే అవతలి జట్టు బెంచీలో ఎవరున్నారు, వాళ్ళ రిలీవర్లలో ఎవరు నిన్న విసిరి అలసిపోయారు, ఎవరు తాజాగా ఉన్నారు అని చూసుకుంటాడు. తమ పిచర్ వంతు ఏ ఇన్నింగ్స్‌లో వస్తుందో లెక్క వేస్తాడు. నాలుగైదు ఇన్నింగ్స్ గడిచాక డగౌట్ వెనకనున్న గదిలోకి వెళ్ళి ఒళ్ళు వేడెక్కించుకుని, వలల మధ్య కొన్ని బంతులు కొట్టి, మళ్ళీ వచ్చి కూర్చుంటాడు. చాలా రోజులు ఇంత చేశాక కూడా మేనేజరు పిలవడు. మరునాడు మళ్ళీ ఇదంతా చేయాలి. నా దృష్టిలో ఈ వృత్తిలో అతి కఠినమైన భాగం బంతిని కొట్టడం కాదు, పిలుపు రాని రోజు పడ్డ శ్రమనంతా మరునాడు విసుగు లేకుండా మళ్ళీ పడటం.

జపాన్‌లో హాంక్యూ బ్రేవ్స్ జట్టుకు ఆడిన తకాయ్ యసుహిరో ఈ తయారీని చదువు స్థాయికి తీసుకువెళ్ళాడు. బెంచీ మీద కూర్చుని ప్రత్యర్థి పిచర్లను గమనిస్తూ, ఎవరు ఏ బంతి విసిరే ముందు చేతి తొడుగును ఎలా తిప్పుతారో, మోచెయ్యి ఎక్కడ పెడతారో నోటు పుస్తకంలో రాసుకునేవాడు. అలా కూడబెట్టిన పరిజ్ఞానంతో పించ్ హిట్టర్‌గా వచ్చి 27 హోమ్ రన్లు (మన సిక్సర్లలా బంతిని మైదానం దాటించే దెబ్బలు) కొట్టాడు. అమెరికా మేజర్ లీగుల్లో ఈ లెక్కన అందరికన్నా పైనున్న కెనడావాడు మ్యాట్ స్టెయిర్స్‌కు సైతం 23 మాత్రమే ఉన్నాయి. 1975లో అక్కడి పసిఫిక్ లీగ్ పిచర్ బదులు వేరొకరు బ్యాట్ చేసే పద్ధతి తెచ్చాక తకాయ్‌కి మొదటి నుంచీ ఆడే అవకాశాలు కూడా దొరికాయి.

మంచి బ్యాటరు బెంచీ మీద ఎందుకు ఉంటాడన్న సందేహం మీకు వచ్చే ఉంటుంది. దానికి మానీ మోటా జీవితం చూడాలి. డొమినికన్ రిపబ్లిక్‌లో 1938లో పుట్టిన మోటా, 1962లో శాన్ ఫ్రాన్సిస్కో జైంట్స్‌తో మేజర్ లీగుల్లోకి వచ్చాడు. ఆ తరువాత చేరిన పిట్స్‌బర్గ్ జట్టులో 1966లో .332 సగటుతో కొట్టాడు. వెయ్యి అవకాశాలకు 332 హిట్లు అన్నమాట. హిట్ అంటే బంతిని కొట్టి అవుటవకుండా బేస్ చేరడం. ఈ ఆటలో పదికి మూడు కొడితేనే గొప్పవాడంటారు. అయినా అతనికి నికరమైన చోటు దొరకలేదు, ఎందుకంటే అతను నిలబడవలసిన అవుట్‌ఫీల్డ్‌లో రాబర్టో క్లెమెంటే, విల్లీ స్టార్జెల్, ఆ ఏడాది లీగ్ అంతటిలోకీ అత్యధిక సగటు సాధించిన మ్యాటీ ఆలూ ఉన్నారు. మోటా బలమైన హోమ్ రన్లు కొట్టే రకం కూడా కాదు. తన మొత్తం ఆటజీవితంలో 31 కొట్టాడంతే. బంతిని ఫీల్డర్ల మధ్య ఖాళీలోకి నేరుగా కొట్టడం అతని విద్య. 1969లో లాస్ ఏంజెలస్ డాడ్జర్స్‌కు చేరాక, వయసు పైబడేకొద్దీ ఆ విద్యే అతనికి తిండి పెట్టింది.

1977 అక్టోబరు 7న ఫిలడెల్ఫియాలో జరిగిన నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ మూడో ఆట గురించి కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే పించ్ హిట్టర్ విలువ ఇంత స్పష్టంగా కనిపించిన ఆట నాకు మరొకటి తెలియదు. ఐదు ఆటల పోటీలో చెరొకటి గెలిచి ఉన్నారు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఫిలడెల్ఫియా 5, డాడ్జర్స్ 3. ఇద్దరు అవుటయ్యారు, బేస్‌ల మీద ఎవరూ లేరు. మేనేజరు టామీ లసోర్డా మొదట విక్ డవలీయో అనే వెనిజులా ఆటగాణ్ణి పంపాడు. ఆ ఆగస్టు దాకా మెక్సికో లీగులో ఆడుతున్న అతన్ని డాడ్జర్స్ వాళ్ళు సరిగ్గా ఇలాంటి పని కోసమే తెచ్చుకున్నారు. ఎవరూ ఊహించని విధంగా అతను బంతిని మెల్లగా నేలమీదికి తట్టి, పరుగెత్తి మొదటి బేస్ చేరాడు. తరువాతి వంతు పిచర్‌ది కాగా, అతని బదులు 39 ఏళ్ళ మోటా వచ్చాడు.

రెండు స్ట్రైకులు పడ్డాయి. ఇంకొక్కటి పడితే ఆట ముగుస్తుంది. మోటా కొట్టిన బంతి ఎడమవైపు గోడ దాకా వెళ్ళింది. అక్కడున్న గ్రెగ్ లుజిన్‌స్కీ ఎగిరి అందుకోబోతే తొడుగుకు తగిలి జారిపోయింది. లుజిన్‌స్కీ గొప్ప బ్యాటరే గాని ఫీల్డింగులో నెమ్మది. అందుకే ఆధిక్యంలో ఉన్నప్పుడు చివరి ఇన్నింగ్స్‌లకు అతని స్థానంలో జెర్రీ మార్టిన్‌ను దించడం ఆ జట్టుకు అలవాటు. ఆ రోజు వాళ్ళ మేనేజరు డానీ ఓజార్క్ అలా దించలేదు. డవలీయో పరుగు పూర్తి చేశాడు, బంతిని వెనక్కి విసరడంలో జరిగిన తడబాటుతో మోటా మూడో బేస్ చేరాడు. తరువాతి బ్యాటరు డేవీ లోప్స్ కొట్టిన బంతికి అతను అవుట్ కాలేదని మొదటి బేస్ దగ్గర అంపైరు ఇచ్చిన తీర్పు మీద ఫిలడెల్ఫియా అభిమానులు ఈనాటికీ వాదిస్తూనే ఉంటారు. ఏదైనా మోటా పరుగుతో లెక్క సమమైంది, తరువాత బిల్ రస్సెల్ కొట్టిన సింగిల్ (ఒక బేస్ చేర్చే హిట్) వల్ల లోప్స్ కూడా వచ్చాడు. 6-5తో డాడ్జర్స్ గెలిచారు. ఒక మేనేజరు బెంచీని వాడుకున్నాడు, మరొకరు వాడుకోలేదు. మరునాటి ఆట కూడా గెలిచి డాడ్జర్స్ వరల్డ్ సిరీస్‌కు, అంటే రెండు లీగుల విజేతల తుది పోటీకి, వెళ్ళారు.

మోటా 1979లో స్మోకీ బర్జెస్ పేరనున్న పించ్ హిట్ల (పించ్ హిట్టర్‌గా కొట్టిన హిట్ల) రికార్డును దాటి, చివరికి 150 దగ్గర ఆగాడు. ఆ మీదట ఎన్నో ఏళ్ళు అదే జట్టులో కోచ్‌గా ఉన్నాడు. కోచ్ అయ్యాక కూడా అవసరం పడితే అతని చేతికే బ్యాటిచ్చారు.

ఇక హారిస్. 1964లో మయామీలో పుట్టాడు, 1988లో సిన్సినాటి జట్టుతో మొదలుపెట్టాడు. అతను ఆడిన పద్దెనిమిదేళ్ళూ బెంచీకే అంటుకుని ఉన్నాడనుకోకండి. రెండో బేస్, మూడో బేస్, అవుట్‌ఫీల్డ్, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నిలబడ్డాడు. మొత్తం 1,055 హిట్లలో 212 మాత్రమే పించ్ హిట్లు. ఎనిమిది జట్లు మారాడు. 2001 అక్టోబరు 6న న్యూయార్క్ మెట్స్ తరఫున 151వ పించ్ హిట్ కొట్టి మోటాను దాటాడు. 2003 ఆగస్టులో షికాగో కబ్స్ వాళ్ళు ఇక చాలని పంపేస్తే సొంత ఊరి జట్టు ఫ్లోరిడా మార్లిన్స్ తీసుకుంది. ఆ అక్టోబరులో మార్లిన్స్ అదే కబ్స్‌ను ఓడించి, ఆపైన యాంకీస్‌నూ ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచారు. ఇలాంటి తమాషాలు చేయడం కాలానికి సరదా.

ఆ 212 హిట్లు ఎనిమిది వందల పైచిలుకు ప్రయత్నాలలో వచ్చినవి. అంటే రికార్డు అతని పేరున ఉన్నా, నాలుగింట దాదాపు మూడుసార్లు అతను తలవంచుకునే డగౌట్‌కు నడిచాడు. మొదటి నుంచి ఆడేవాడు రెండో ఇన్నింగ్స్‌లో అవుటైతే ఐదో ఇన్నింగ్స్‌లో దాన్ని మరిపించవచ్చు. పించ్ హిట్టర్ ఆ అవుటును ఇంటికి తీసుకుపోయి, దానితోనే పడుకుని, ఎప్పుడొస్తుందో తెలియని మరో అవకాశం దాకా మోయాలి. మీరడిగిన జీతం ఎక్కువగా ఈ మోతకే.

1988 వరల్డ్ సిరీస్ మొదటి ఆటలో రెండు కాళ్ళూ సరిగా లేని కర్క్ గిబ్సన్ కుంటుకుంటూ వచ్చి, డెనిస్ ఎకర్స్‌లీ బంతిని హోమ్ రన్ కొట్టి గెలిపించిన వీడియో ఎవరైనా చూపించి, పించ్ హిట్టరంటే ఇతనే అనవచ్చు. చూడండి, ఆనందించండి. కాని గిబ్సన్ ఆ ఏడాది నేషనల్ లీగ్ ఉత్తమ ఆటగాడు. గాయం వల్ల ఆ రోజు బెంచీ మీద ఉన్నాడు. అది వీరుడి కథ, ఈ వృత్తి కథ కాదు. వృత్తి ఎలా ఉంటుందో తెలియాలంటే డెట్రాయిట్ ఆటగాడు గేట్స్ బ్రౌన్ చెప్పిన 1968 నాటి సంగతి వినండి. తనను ఇప్పుడప్పుడే పిలవరనుకుని డగౌట్‌లో హాట్‌డాగులు తినబోతుండగా మేనేజరు పిలిచాడట. దాచే చోటు లేక చొక్కాలో దోపుకుని వెళ్ళి, బంతిని కొట్టి, రెండో బేస్‌కు తల ముందు పెట్టి జారాడు. లేచేసరికి చొక్కా నిండా ఆవపిండి ముద్ద, టొమాటో సాస్.

గొప్పవాళ్ళు కూడా చివరి రోజుల్లో ఈ పనికి వచ్చారు. వరుసగా పదేళ్ళు ఏటా 200కు తగ్గకుండా హిట్లు కొట్టిన ఇచిరో సుజుకీ, 2017లో 43 ఏళ్ళ వయసులో మయామీ బెంచీ మీద నుంచి లేచి వచ్చి 27 పించ్ హిట్లు కొట్టాడు. 1995లో జాన్ వాండర్ వాల్ నెలకొల్పిన 28 హిట్ల ఏడాది రికార్డుకు ఒక్కటే తక్కువ.

హారిస్ రికార్డును ఎవరైనా దాటుతారా అని కూడా అడిగారు. దాటరనే నా అభిప్రాయం, అందుకు కారణం ఆటగాళ్ళ సత్తా తగ్గడం కాదు. 2022 నుంచి నేషనల్ లీగ్‌లో కూడా పిచర్ బ్యాట్ పట్టే పద్ధతి పోయింది. ఏడో ఇన్నింగ్స్‌లో ఖచ్చితంగా వచ్చే ఆ ఖాళీ దానితోనే పోయింది. ఇప్పుడు జట్టులో 26 మంది, అందులో 13 మంది దాకా పిచర్లు. మిగిలిన 13 మందిలో తొమ్మిది మంది మొదటి నుంచీ బ్యాట్ చేసేవారు. బెంచీ మీద మిగిలేది నలుగురు. వారిలో ఒకరు రెండో క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) కాబట్టి గాయాల భయంతో అతన్ని అంత తేలిగ్గా వాడరు. తక్కిన ముగ్గురూ నాలుగేసి చోట్ల ఫీల్డింగ్ చేయగలవారై ఉండాలి. బ్యాటు ఒక్కటే చేతపట్టుకుని వచ్చే నలభై ఏళ్ళ మోటాకు వాళ్ళలో చోటివ్వమంటే ఏ మేనేజరైనా ఇప్పుడు రెండుసార్లు ఆలోచిస్తాడు.

ఇట్లు,
మీ తాతయ్య