నీళ్ళ నడుమ కోటకు ఒక్క రోజు

నల్లగొండ

చిరంజీవులకు,

ఈ సెలవుల్లో ఇంటిల్లిపాదినీ నాగార్జునసాగర్ నీళ్ళ నడుమ దీవిగా ఉన్న నాగార్జునకొండకు తీసుకుపోయే బాధ్యత మీ పిల్లల మీదే పెట్టారని తెలిసింది. మంచి పని. మీరు పంపిన కాగితం చూశాను. ఒక్క రోజులో ఆ దీవి, అనుపు, ఎత్తిపోతల, బుద్ధవనం అనే బౌద్ధ పార్కు, డ్యాం, వచ్చేటప్పుడు దేవరకొండ కోట రాసుకున్నారు. అట్లా పోతే కారు తలుపులు తీయడానికి, వేయడానికే పొద్దు గుంకుతుంది. పైగా దేవరకొండ తొవ్వే వేరు, సాగర్ నుంచి హాలియా మీదుగా నల్లగొండ వచ్చేటప్పుడు అది తగలదు. అవన్నీ కొట్టేసి దీవి ఒక్కటి ఉంచుకోండి. అదయ్యాక ఓపిక మిగిలితే బుద్ధవనం.

ముందు ఒక సంగతి. నాగార్జునకొండ కోటను కట్టినవాళ్ళు దీవి మీద కట్టలేదు. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణ ఉన్న లోయలో, ఒక కొండ నెత్తిన కట్టారు. 14వ శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజుల కాలంలో గోడలు లేచాయి. తర్వాత ఒరిస్సా గజపతుల చేతికి పోయింది. 1515 ప్రాంతంలో కృష్ణదేవరాయలు కొండవీటి సీమలో గెలిచిన కోటల్లో ఇదీ ఒకటి. ఇంకా వెయ్యేండ్లు వెనక్కి పోతే, 3వ శతాబ్దంలో ఆ లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. స్తూపాలు, విహారాలు, గుళ్ళు, స్నానఘట్టం అన్నీ కొండ కిందనే. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కు పునాదిరాయి వేశారు. లోయ మునగడం ఖాయమని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ వాళ్ళు అక్కడ తవ్వినంత తవ్వారు. కొన్ని కట్టడాలను రాయీ ఇటుకా విప్పి కొండ మీద మళ్ళీ పేర్చారు, కొన్నింటిని జలాశయం గట్టునున్న అనుపుకు తరలించారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. కోట దగ్గరికి నీళ్ళు వచ్చాయి తప్ప కోట నీళ్ళలోకి పోలేదు. లాంచిలో కూర్చున్నప్పుడు మీ కాళ్ళ కింద ఒక పట్నం ఉందని చిన్నోళ్ళకు చెప్పండి. అల్లరి కాసేపైనా ఆగుతుంది.

ఇక ఏర్పాటు. అందరూ ఇంటి నుంచి లెక్క మొదలుపెడతారు: ఎన్నింటికి లేవాలి, ఎన్నింటికి బయల్దేరాలి అని. దీవికి పోయేటప్పుడు లెక్క లాంచి నుంచి వెనక్కి రావాలి. లాంచి మీకోసం ఆగదు, మీరే దానికోసం ఆగాలి. తెలంగాణ టూరిజం లాంచి నందికొండ హిల్ కాలనీ వైపు నుంచి పోతుంది. ఆంధ్ర టూరిజం వాళ్ళది కృష్ణ అవతల, విజయపురి సౌత్ నుంచి. దీవి పల్నాడు జిల్లా కిందికి వస్తుంది, చుట్టూ పులుల అభయారణ్యం. అందుకే అటవీ శాఖ అనుమతులతోనో గాలివానతోనో ఒక్కోసారి లాంచీలు ఆగిపోతాయి. బయల్దేరే ముందురోజు లాంచి స్టేషన్‌కు ఫోన్ చేసి నాలుగు మాటలు అడగండి: రేపు లాంచి ఉందా, మొదటిది ఎన్నింటికి, ఎంతమంది అయితే తీస్తారు, దీవిలో ఎంతసేపు ఆపుతారు. మూడో ప్రశ్న మరిచిపోవద్దు. మనుషులు సరిపడా నిండకపోతే లాంచి కదలదు. మామూలు రోజుల్లో పోయి గట్టున గంటల తరబడి కూర్చునేది ఇందుకే. ఆదివారం జనం ఉంటారు కాబట్టి తొందరగా నిండుతుంది. శుక్రవారం మాత్రం వద్దే వద్దు, దీవిలోని మ్యూజియానికి ఆ రోజు సెలవు. శివరాత్రికి ఏలేశ్వరం గట్టు మల్లన్న దగ్గరికి పోయే భక్తులతో లాంచీలు కిక్కిరిసిపోతాయి. ముసలివాళ్ళను వెంటబెట్టుకుని ఆ రద్దీలో దూరకండి.

పోను ఒక గంట, రాను ఒక గంట, దీవిలో ఒక గంట అనుకోండి. మొత్తం మూడు గంటలు. పొద్దున మొదటి లాంచి పట్టుకుంటే మధ్యాహ్నం బువ్వ వేళకు గట్టు మీద ఉంటారు. పదకొండు దాటాక ఎక్కితే ఎండా, ఆకలీ, గాలీ మూడూ ఒకేసారి మీద పడతాయి. పొద్దెక్కేకొద్దీ జలాశయం మీద గాలి పెరిగి అలలు లేస్తాయి, కడుపులో తిప్పేవాళ్ళకు అదే కష్టం. నల్లగొండ నుంచి సాగర్ హాలియా మీదుగా 65 కిలోమీటర్లకు అటూ ఇటూ. గంటన్నర చాలు, కాని పిల్లలున్న బండికి రెండు గంటలు వేసుకోండి. 6 గంటలకు ఇల్లు కదిలితే 8 గంటలకు హిల్ కాలనీ. పాలమూరు నుంచి మీ అత్తావాళ్ళు కల్వకుర్తి, దేవరకొండ మీదుగా రావాలి, వాళ్ళకు నాలుగు గంటల ప్రయాణం. వాళ్ళను తెల్లారగట్ల లేపి ఉరికించేకంటే ముందురోజు రాత్రికే నల్లగొండ రమ్మనండి.

నెల సంగతి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నింటికన్నా మేలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో పైనుంచి వరద వస్తే 26 గేట్లు ఎత్తుతారు. చూడ్డానికి కన్నుల పండుగే, కాని ఆ వారం రోడ్డు నిండా బండ్లే. ఎండాకాలం పోవద్దని ఎండ కోసమే అనడం లేదు, దానికి ఇంకో కారణం ఉంది. పేపర్లో సాగర్ నీటిమట్టం వేస్తారు, చూడండి. నిండితే 590 అడుగులు. వాడుకోగా వాడుకోగా అడుగున 510 దాకా దిగుతుంది. అంటే 80 అడుగుల తేడా, ఎనిమిది అంతస్తుల ఇంటి ఎత్తు. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు లాంచి గట్టుకు దగ్గరగా నిలుస్తుంది. తగ్గినకొద్దీ అది కిందికి పోతుంది, మీరు అటు దిగాలి, దీవిలో ఇంకోసారి ఎక్కాలి. నాయనమ్మ మోకాళ్ళకు 590కీ 530కీ ఉన్న తేడా డాక్టరు కంటే ఆ అంకెలే బాగా చెప్తాయి.

లైఫ్ జాకెట్ విషయంలో సిగ్గుపడొద్దు, సెల్ఫీ కోసం విప్పొద్దు. చాలామంది దాన్ని శాలువాలాగా భుజాన వేసుకుని బొత్తాలు వదిలేస్తారు. అట్లా వేసుకున్నవాడు నీళ్ళలో పడితే జాకెట్ పైకి తేలుతుంది, మనిషి కిందికి జారుతాడు. ముందరి పట్టీలన్నీ పెట్టి, కొసలు లాగి బిగించండి. తర్వాత మీ తమ్ముడి జాకెట్‌ను రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. అది వాడి గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే. చిన్న సైజు ఇమ్మని అడగండి. కాళ్ళ నడుమ నుంచి వచ్చే పట్టీ ఉంటే చిన్నపిల్లలకు అది తప్పకుండా పెట్టాలి. ముసలివాళ్ళను లాంచి నడుమన, నీడలో కూర్చోబెట్టండి. కొండ కనబడగానే అందరూ లేచి ఒక్క పక్కకే ఉరుకుతారు, ఫోటోల కోసం. బరువంతా ఒక దిక్కు పడితే లాంచి ఒరుగుతుంది. మీవాళ్ళు కూర్చున్నచోటే ఉంటే చాలు, వచ్చేటప్పుడు అదే కొండ మళ్ళీ కనిపిస్తుంది కదా.

దీవిలో దిగగానే లాంచి నడిపే ఆయన్ను తిరుగు టైము అడిగి, పెద్దవాళ్ళలో ఇద్దరి ఫోన్లలో అలారం పెట్టించండి, ఆ టైముకు 15 నిమిషాల ముందుకు. రేవు నుంచి కొంత ఎక్కుడు, తర్వాత కోట గోడ దాటి చెట్ల నడుమ బాట. తొవ్వలో స్తూపాలు కనబడగానే ఆగిపోతారు, ఆగొద్దు. నేరుగా మ్యూజియానికి పోయి, వచ్చేటప్పుడు వాటి దగ్గర ఆగండి. ముందే ఆగితే గంటలో సగం అక్కడే కరిగిపోతుంది, మ్యూజియంలో పరుగు తీయాల్సి వస్తుంది.

మ్యూజియంలో అన్నీ చూడాలని పెట్టుకోవద్దు, మూడు చాలు. ఒకటి, నిలువెత్తు బుద్ధుడు. పల్నాటి సున్నపురాయి అది, లేత ఆకుపచ్చ ఛాయ కొడుతుంది. పక్క నుంచి చూస్తే చీవరం, అంటే ఒంటి మీది వస్త్రం, దాని మడతలు నీళ్ళ అలల్లా ఒకదాని కింద ఒకటి జారుతుంటాయి. రెండు, మునగక ముందరి లోయ నమూనా. ఏ కొండ ఏది, మీరు ఇప్పుడెక్కడ నిలబడ్డారు, దాంట్లో వెతకండి. మూడు, బుద్ధుడి కథలు చెక్కిన పలకలు. ఇక్కడ పిల్లలకు ఒక ఆట ఉంది. కొన్ని పలకల్లో బుద్ధుడు మనిషి రూపంలో ఉంటాడు, కొన్నింట్లో అసలు కనబడడు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, బోధి చెట్టు, చక్రం, వీటిలో ఏదో ఒకటి కనిపిస్తుంది, అందరూ దానికే దండం పెడుతుంటారు. ఎవరు ఎక్కువ కనుక్కుంటే వాళ్ళు గెలిచినట్టు. ఫోటో తీసే ముందు అక్కడి కాపలా ఆయన్ను ఒక మాట అడగండి.

బయట స్తూపం దగ్గర నిలబడి పునాది చూడండి. బండిచక్రం లాగా నడుమ కుంభం, దాని నుంచి చుట్టూ ఉన్న కమ్మి దాకా ఆకుల్లాంటి ఇటుక గోడలు. ఆకుల నడుమ ఖాళీల్లో మట్టి నింపేవాళ్ళు. ఇటుక తక్కువ పడుతుంది, మట్టి బరువుకు గోడ పగలకుండా ఆకులు ఆపుతాయి. మన దగ్గర ఎడ్లబండి చేసే వడ్ల ఆయనకు ఈ కిటుకు వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడి మహాచైత్యాన్ని, అంటే పెద్ద స్తూపాన్ని, కట్టించిన రాచకుటుంబపు స్త్రీ చాంతిసిరి పేరు అక్కడి స్తంభాల మీదే ప్రాకృతంలో చెక్కి ఉంది. స్తూపానికి నాలుగు దిక్కులా ఐదేసి స్తంభాలు నిలిపేవాళ్ళు, వాటిని ఆయక స్తంభాలంటారు. ఐదూ బుద్ధుడి జీవితంలో ఐదు ఘట్టాలకు: పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం.

కోట గోడ మీదికి ఎక్కనీయొద్దు. పాత రాయి అతుకు వదిలి ఉంటుంది, కింద నీళ్ళు. కోతులుంటే వాటి ముందర ప్లాస్టిక్ కవరు చప్పుడు చేయకండి, కవరంటే తిండి అని వాటికి తెలుసు.

సద్ది సంగతి చివర్లో రాస్తున్నాను గాని, ఆ రోజు బాగుండడం సగం దీని మీదే ఉంది. దీవిలో భోజనం దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు. గట్టు మీదికి వచ్చాకే చెట్టు కింద తినాలి, లాంచిలోకి నీళ్ళు, అరటిపండ్లు, మురుకులు చాలు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, ఒక లీటరు లాంచిలోకి, ఒకటి బండిలో. ఎనిమిది మందికి పులిహోరకు కిలో బియ్యం, 100 గ్రాముల చింతపండు, 150 గ్రాముల నూనె, గుప్పెడు పల్లీలు. అన్నం ఒకటికి రెండు కన్నా కొంచెం తక్కువ నీళ్ళతో పొడిపొడిగా వండండి. చింతపండు పులుసు మీద నూనె తేలేదాకా ఉడకాలి. తొందరపడి పచ్చిగా దించితే మధ్యాహ్నానికి తేడా చేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, కలిపిన పులిహోరను పళ్ళెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. వేడివేడిగా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరి మూతకు పట్టి చుక్కలు చుక్కలుగా తిరిగి అన్నం మీదే పడుతుంది. పన్నెండింటికి మూత తీస్తే పైపొర జిగట, వాసన. అప్పుడు అమ్మనంటే లాభం లేదు, తప్పు మూతది.

పెరుగన్నానికి పెరుగు కలిపి తీసుకుపోతే తినేసరికి పుల్లబడుతుంది. అర కిలో బియ్యం మెత్తగా వండి, మెదిపి, గోరువెచ్చని పాలు లీటరు పోసి, రెండు చెంచాల పెరుగు తోడు వేసి స్టీలు డబ్బాలో పెట్టండి. బండిలో పోతుండగానే తోడుకుంటుంది, మధ్యాహ్నానికి తియ్యటి పెరుగన్నం అవుతుంది. చలికాలం ఇంకో చెంచా పెరుగు వేయాలి. ఉప్పు అక్కడే కలుపుకోండి. మిగతాది మామిడికాయ తొక్కు చూసుకుంటుంది. విస్తరాకులు, ఒక చాప, రెండు తువ్వాలలు, చెత్తకు ఒక సంచి మరవొద్దు. సిగ్నల్ ఉంటుందన్న ధీమాతో పోకండి, చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి. మూత్రానికి లాంచి ఎక్కకముందే అందరినీ ఒకసారి పంపండి, చిన్నోణ్ణి రెండుసార్లు.

తిన్నాక గంటసేపు చాప మీద ఒరగనివ్వండి. 3 గంటలకు ఇంకా హుషారుంటే బుద్ధవనం. 274 ఎకరాలు, 2022 మేలో తెరిచారు. అంతా తిరగాలనుకోవద్దు, అమరావతి స్తూపం తీరున కట్టిన మహాస్తూపం లోపలికి ఒకసారి పోయి రండి చాలు. లాంచి ఆగిపోయిన రోజున మాత్రం ఇదే మీ అసలు ప్రయాణం, పొద్దుగాలే ఇక్కడికి రండి. 4:30కు బండి ఎక్కితే చీకటి పడే వేళకు ఇల్లు.

ఎంతమంది వస్తున్నారో లెక్క తేలగానే రాయండి. ఎనిమిది దాటితే పులిహోరకు కిలో బియ్యం సరిపోదు, పన్నెండు మందికి కిలోన్నర పొయ్యాలి.

ఆశీస్సులతో,
మీ తాత