హాస్య వంత పని: అపోహలు – వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో కథలు చెప్పే బుర్రకథ దళంలో నేను హాస్య వంతని. మధ్యలో తంబుర పట్టుకుని కథకుడు, ఆయనకు చెరో పక్క డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు ఉంటాం. ఒకరు రాజకీయం మాట్లాడతారు, ఇంకొకరు హాస్యం. కథ ముగిశాక పెద్దోళ్ళూ పిలకాయలూ స్టేజీ దగ్గరికొచ్చి అడిగేవి ఎక్కువగా హాస్యం గురించే. పదే పదే వినపడే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: హాస్య వంత నోటికొచ్చింది మాట్లాడతాడు, తాళంతో పనిలేదు.

వాస్తవం: నా పనిలో సగం తాళమే. కథకుడు దరువు, అంటే పాట, ముగించి వచనంలోకి దిగుతాడు. "రాజుగారు వెయ్యి మంది సైన్యంతో బయలుదేరారు" అంటాడు. "అంతమందికీ అన్నం ఎవరు వండారు సామీ?" అంటాను నేను. ఆ "సామీ" పూర్తవగానే డక్కీ మీద ఒక్క దెబ్బ పడాలి. ముందు పడితే ప్రశ్న వినపడదు. ఆలస్యమైతే జనం నవ్వాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నవ్వు పైకి లేచేదాకా కథకుడు ఆగుతాడు. అది తగ్గుముఖం పట్టగానే, ఇంకా కొందరు నవ్వుతుండగానే, తంబుర మీటి "తందాన తాన" అందుకుంటాడు. నవ్వు మొత్తం అయిపోయిందాకా చూస్తే జనం పక్కవాళ్ళతో కబుర్లలో పడతారు. వాళ్ళను మళ్ళీ కథలోకి తేవడం చాలా కష్టం.

ఇంకో సంగతి. నేను అడిగినప్పుడు కథకుడు నవ్వకూడదు. నా ప్రశ్నను నిజమైన ప్రశ్నగా తీసుకుని, ఓపిగ్గా జవాబు చెప్పబోవాలి. ఆయన ముఖంలో ఆ సీరియస్‌నెస్ లేకపోతే నా మాటకు విలువ లేదు. చప్పట్లు నాకు పడతాయి గానీ అందులో పెద్ద వాటా ఆయనదే. కొత్తగా నేర్చుకునే వాళ్ళకు నేను మొదట చెప్పేది కూడా ఇదే: జోకులు బట్టీ పట్టొద్దు, కథకుడి ఊపిరి ఎక్కడ ఆగుతుందో వినడం నేర్చుకోండి.

అపోహ: మంచి జోకు ఉంటే ఎక్కడైనా పేలుతుంది.

వాస్తవం: రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మామూలు మాటల మధ్య జనం ఎప్పుడు నవ్వుతారో గమనించి రాశాడు. జోకులాంటి మాట తర్వాత వచ్చిన నవ్వులు 20 శాతం కూడా లేవు. మిగతావన్నీ "సరే మరి, వెళ్ళొస్తా" లాంటి మామూలు మాటల వెంట వచ్చినవే. ఒంటరిగా ఉన్నప్పటికన్నా నలుగురిలో ఉన్నప్పుడు మనిషి 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని కూడా ఆయన లెక్క. కనిగిరి, పామూరు వైపు కథలకు వెళ్ళినప్పుడు నేను కళ్ళారా చూసేదీ ఇదే. అరుగుల మీద ఒకరు, చెట్టు కింద ఇద్దరు, దూరంగా బండి మీద ముగ్గురు కూర్చుంటే ఎంత మంచి మాటైనా గాలికి పోతుంది. అదే జనం కింద పరిచిన పట్టాల మీద ఒకరికొకరు మోకాళ్ళు తగిలేలా కూర్చుంటే చిన్న మాటకే నవ్వు అంటుకుంటుంది. అందుకే కథ మొదలెట్టే ముందు అందరినీ దగ్గరికి జరగమని బతిమాలతాం.

అపోహ: అపస్వరం పాడితే నవ్వొస్తుంది, దానికి సంగీతం రానక్కర్లేదు.

వాస్తవం: సంగీతం రానివాడు తప్పు పాడితే జనం జాలిపడతారు, లేదా లేచిపోతారు. శ్రుతి ఎక్కడుందో తెలిసినవాడే దాని పక్కన ఎంత దూరంలో పడాలో చూసుకుని, మళ్ళీ సరిగ్గా శ్రుతిలోకి రాగలడు. ఆ తిరిగి రావడంలోనే నవ్వు ఉంది. పాశ్చాత్య సంగీత విద్వాంసుడు మొజార్ట్ 1787లో సంగీతంతోనే జోకు వేస్తూ ఒక కృతి రాశాడు. చివర్లో వాద్యాలన్నీ తలోదారి పట్టి వేరువేరు శ్రుతుల్లో మోగుతాయి. అంత పెద్ద విద్వాంసుడు కాబట్టే తప్పును అంత ఒప్పుగా రాయగలిగాడు.

పేరడీ కూడా అంతే. మాటలు మారిస్తే చాలు అనుకుంటారు. పాటలో "వెన్నెల" ఉన్నచోట "వంకాయ" పెట్టి చూడండి, నాలుక తడబడుతుంది. వెన్నెలకు నాలుగు మాత్రలు, వంకాయకు ఐదు. "కాకర" పెట్టండి, చక్కగా ఒదుగుతుంది. అసలు పాట నడక ఏమాత్రం చెదరకుండా ఉంటేనే కొత్త మాట గిలిగింత పెడుతుంది.

అపోహ: వీరగాథలో హాస్యం పెడితే కథ పలచబడుతుంది.

వాస్తవం: రామాయణం ఆడే తోలుబొమ్మలాటలోనే నవ్వించే బొమ్మలు కేతిగాడూ బంగారక్కా మధ్యమధ్యలో వచ్చి పోతారు. తెల్లవార్లూ ఏడుపే వినిపిస్తే ఎవరూ కూర్చోలేరు. అయితే చోటు తెలియాలి. పల్నాటి కథలో మాంచాల భర్తకు కత్తి ఇచ్చి యుద్ధానికి పంపే ఘట్టంలో నేను నోరెత్తను, డక్కీ కూడా మెల్లగా వాయిస్తాను. అంతకు ముందు బాగా నవ్విన ఊళ్ళోనే ఆ ఘట్టానికి కళ్ళు తుడుచుకునేవాళ్ళు ఎక్కువ.

అపోహ: బూతు లేకపోతే ఈ రోజుల్లో జనం రారు.

వాస్తవం: వస్తారు. బూతుకు కుర్రాళ్ళు ఈల వేస్తారు, ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఇంటికి పోతారు. నాకు అంతకన్నా పెద్ద నష్టం లేదు.

అపోహ: హాస్యం ఉత్త టైంపాస్.

వాస్తవం: టైంపాస్ అయితే ప్రభుత్వాలు భయపడేవి కావు. మద్రాసు రాష్ట్రంలో బ్రిటిష్ ప్రభుత్వం, హైదరాబాదులో నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయి. ఈ కళను ఊరూరా నిలబెట్టిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది.

మీ ఊరి తిరునాళ్ళలో కథ పెట్టించే ఉద్దేశం ఉంటే మైకు అబ్బాయికి ఒక్క మాట ముందే చెప్పండి: వచనం నడిచేటప్పుడు ఎకో తీసేయాలి. ఎకో ఉంటే మాట మీద మాట పడి చివరి పదం కలిసిపోతుంది. నవ్వు పుట్టేది సరిగ్గా ఆ చివరి పదం దగ్గరే. పాటకు కావాలంటే మళ్ళీ పెట్టుకోవచ్చు.