ఖాతాలు కోట్లలో, సందడి ఎక్కడ?

2014 జనవరిలో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులిద్దరు ఒక జోస్యం చెప్పారు. అంటువ్యాధి ఎలా పాకుతుందో, ఎలా తగ్గుముఖం పడుతుందో లెక్కగట్టే సమీకరణాలను ఫేస్‌బుక్‌కు వర్తింపజేసి, 2017 కల్లా దాని వినియోగదారుల్లో 80 శాతం మంది జారుకుంటారని తేల్చారు. గూగుల్‌లో ‘ఫేస్‌బుక్’ అన్న మాటను జనం ఎన్నిసార్లు వెతికారన్నదే వారికి ఆధారం. ఫేస్‌బుక్ గణాంక నిపుణులు ఊరుకుంటారా? అదే పద్ధతిని ప్రిన్స్‌టన్ మీద ప్రయోగించి, 2021 నాటికి అక్కడ ఒక్క విద్యార్థీ మిగలడని ఎదురు జోస్యం వదిలారు. అది ఎగతాళికి అన్నదే. అసలు జోస్యమూ నిజం కాలేదు. ఫోనులోకి యాప్ వచ్చాక ఫేస్‌బుక్‌ను గూగుల్‌లో వెతుక్కునే పనేముంది? 2023లో నెలకు ఒక్కసారైనా దాన్ని తెరిచేవారి సంఖ్య 300 కోట్లు దాటింది.

అయినా ఆ పరిశోధకుల అనుమానం ఊరికే పుట్టలేదు. ఫేస్‌బుక్‌కు ముందు వెలిగిన సోషల్ మీడియా సైటు మైస్పేస్‌ను మీడియా సంస్థ న్యూస్ కార్పొరేషన్ 2005లో 58 కోట్ల డాలర్లకు కొని, 2011లో దాదాపు మూడున్నర కోట్లకు వదిలించుకుంది. అలాంటిదే మరో సైటు ఆర్కుట్ 2004లో మొదలై 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అంతకంటే ముందే పుట్టిన ఫ్రెండ్‌స్టర్‌లో పది కోట్లకు పైగా ఖాతాలు ఉండేవి. అన్ని ఖాతాలున్న చోటు ఖాళీ కావడం ఎలా సాధ్యం?

ఎంతమంది చేరితే అంత విలువ అన్నది ఇలాంటి వ్యాపారాల గురించి అందరూ చెప్పే సూత్రం. టెలిఫోను ఒక్కరి దగ్గరే ఉంటే పనికిరాదు, ఊరంతా ఉంటేనే ఉపయోగం. మాట నిజమే కానీ, తలలు లెక్కపెట్టి ధీమాగా ఉండటం దగ్గరే పొరపాటు జరుగుతుంది. పదిమంది చేతులు పట్టుకుని వలయంగా నిలబడ్డారనుకోండి. ఒక్కొక్కరికి ఇటొకరు, అటొకరు, ఇద్దరే స్నేహితులు. మొత్తం పది బంధాలు. మరోచోట అయిదుగురే ఉన్నారు, అయితే అక్కడ అందరికీ అందరూ స్నేహితులే. లెక్కించి చూడండి, ఆ గుంపులోనూ బంధాలు పదే. ఇప్పుడు ప్రతివారికీ ఒకటే షరతు: కనీసం ఇద్దరు స్నేహితులు కనిపిస్తుంటేనే ఇక్కడ ఉంటాను, లేకపోతే వెళ్లిపోతాను.

వలయంలో ఒకరు విసుగొచ్చి వెళ్లిపోయారు. పక్కనున్న ఇద్దరికీ ఒక్కో స్నేహితుడే మిగిలారు కాబట్టి వారూ కదిలారు. ఆపైన వారి పక్కవారు. చివరికి పదిమందిలో ఒక్కరూ ఉండరు. అయిదుగురి గుంపులో ఒకరు వెళితే మిగిలిన నలుగురికీ ముగ్గురేసి స్నేహితులుంటారు. రెండోవారు వెళ్లినా ఇద్దరేసి ఉంటారు. మూడోవారు కదిలితే తప్ప అది కూలదు. జనం సంఖ్యలో సగమే అయినా గట్టితనంలో ఇదే మేలు.

షరతు మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉండదు. పేజీ తెరుచుకోవడానికి ఆలస్యమైతే, ప్రకటనలు మీద పడితే, అలవాటైన రూపురేఖలను రాత్రికి రాత్రి మార్చేస్తే, ‘ఇద్దరు చాలు’ అన్న మనిషే ‘నలుగురుంటేనే ఈ తలనొప్పి భరిస్తాను’ అంటాడు. అప్పుడు ఆ గట్టి గుంపు కూడా వలయమంత బలహీనమే. ఒక్కరు వెళితే చాలు, అంతా కూలుతుంది. స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ఫ్రెండ్‌స్టర్‌కు చేసిన శవపరీక్షలో బయటపడింది ఇదే. 2009లో ఆ సైటు రూపం మార్చుకున్నాక, బంధాలు పలచగా ఉన్న అంచుల్లోనివారు ముందు కదిలారు. వారి వెనకే ఖాళీ లోపలికి పాకింది. కొత్తగా చేరేవారి లెక్కలు చూసుకుని మురిసిపోయే యజమానికి ఈ కదలిక ఆలస్యంగా గానీ కనిపించదు.

ఫేస్‌బుక్ ఈ ప్రమాదాన్ని బాగానే పసిగట్టిందని చెప్పాలి. జనం ఎటు పోతున్నారో చూసి, ఆ చోటునే కొనేసింది. 2012లో వంద కోట్ల డాలర్లకు ఇన్‌స్టాగ్రామ్‌ను బేరమాడింది. అప్పటికి అందులో ఉద్యోగులు 13 మందే. 2014లో 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కుదుర్చుకుంది. అమ్మనని మొరాయించిన స్నాప్‌చాట్ నుంచి 24 గంటల్లో మాయమయ్యే ‘స్టోరీస్’ ఆలోచనను 2016లో ఇన్‌స్టాగ్రామ్‌లోకి ఎత్తుకొచ్చింది. ఎత్తుకురావడంలో మొహమాటపడలేదు.

టిక్‌టాక్‌తో మాత్రం చిక్కు వేరు. అక్కడ మీకు స్నేహితులే అక్కర్లేదు. ఏ వీడియో దగ్గర ఆగారో, దేన్ని దాటేశారో గమనించి, అల్గారిథం తర్వాతి వీడియోను వడ్డిస్తుంది. ఒంటరిగా చేరినవారికి కూడా మొదటి నిమిషం నుంచే కాలక్షేపం దొరుకుతుంది. ఏళ్ల తరబడి అల్లిన స్నేహబంధాలే ఫేస్‌బుక్‌కు కోటగోడ. టిక్‌టాక్ ఆ గోడ ఎక్కలేదు, పక్కనుంచి నడిచి వెళ్లింది. 2022 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ తన చరిత్రలో తొలిసారిగా రోజువారీ వినియోగదారులు తగ్గారని ప్రకటించింది. 193 కోట్లలో తగ్గింది పది లక్షలే. మాతృసంస్థ మెటా షేరు మాత్రం ఒక్కరోజులో 26 శాతం పడిపోయింది.

దాంతో మెటా కూడా అదే దారి పట్టింది. ఫీడులో స్నేహితులు వెనక్కి వెళ్లారు, ముక్కూమొహం తెలియనివారి వీడియోలు ముందుకొచ్చాయి. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లను కొని పోటీ లేకుండా చేసుకుందంటూ అమెరికా ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్యం కేసులో తనను తాను సమర్థించుకుంటూ ఆ సంస్థే కోర్టుకు చెప్పిన లెక్క ఇది: అమెరికాలో ఫేస్‌బుక్ మీద గడిపే సమయంలో స్నేహితుల పోస్టులకు దక్కేది 17 శాతం, ఇన్‌స్టాగ్రామ్‌లో 7 శాతం. స్నేహితులను కలపడమే ఇక తన ప్రధాన వ్యాపారం కాదన్న ఆ వాదన ఫలించింది కూడా. 2025 నవంబరులో తీర్పు మెటాకు అనుకూలంగానే వచ్చింది.

నాకు మాత్రం ఆ అంకెలు గెలుపులా కనిపించవు. చేతులు పట్టుకుని నిలబడినవారు ఇప్పుడు చేతులు వదిలేసి, తలా ఒక తెర వైపు తిరిగారు. ఒకరు వెళితే పక్కవారు కూలే భయం తీరింది, మంచిదే. అయితే పక్కవారిని వదిలి వెళ్లలేక ఆగిపోయేవారు కూడా ఇక ఉండరు. ఇంతకంటే సరదాగా వడ్డించే యాప్ ఒకటి వస్తే, స్నేహితులను ఒప్పించే పని లేకుండా ఎవరికి వారే అటు మారిపోవచ్చు. టీవీ చానల్ మార్చడానికి ఎవరి అనుమతి కావాలి?

ఈ వ్యాసం రాస్తూ మధ్యలో నా ఫీడు తెరిచి, వరుసగా ఇరవై పోస్టులు లెక్కపెట్టాను. నాకు తెలిసినవారివి మూడు. రెండు పుట్టినరోజు శుభాకాంక్షలు. మూడోది ఒక పాత మిత్రుడిది. ఇక్కడికి తాను పెద్దగా రావడం లేదని, ఏదైనా ఉంటే వాట్సాప్‌లో చెప్పమని రాశాడు. ఆ పోస్టు పెట్టి అప్పటికే అయిదు రోజులైంది.