స్పూల్ టేప్ రికార్డరుకి ప్లగ్గు పెట్టే ముందు

నెల్లూరు.

కావలి పిల్లలకు ఆశీస్సులు.

మీ నాటక సమాజం గది అటక మీద నుంచి స్పూల్ టేప్ రికార్డరు, ఆరు చానళ్ల మిక్సరు, పెట్టెడు స్పూళ్లు దించామనీ, ఆదివారం ప్లగ్గు పెట్టి చూస్తామనీ రాశారు. ఆదివారం ప్లగ్గు పెట్టొద్దు. ఇలాంటి యంత్రాలు మూలపడి ఉన్నందువల్ల చెడేది కొంతే. ఆత్రంగా స్విచ్చి వేసిన మొదటి నిమిషంలో చెడేదే ఎక్కువ. ఇంకో సంగతి. మీరు దించిన వాటిలో విలువైనది యంత్రం కాదు, ఆ స్పూళ్లు. రికార్డరు కాలిపోతే వెతికితే ఇంకోటి దొరుకుతుంది. టేపు మీదున్న హరికథో పద్యనాటకమో ఇంకెక్కడా ఉండకపోవచ్చు. యంత్రం కుదుటపడి, పనికిరాని టేపు మీద పరీక్ష నెగ్గేదాకా ఆ పెట్టె జోలికి పోకండి.

మూత విప్పకముందు ఫోటోలు తీయండి. విప్పాక ప్రతి వైరూ, ప్రతి బెల్టూ ఏ దారిన పోతున్నదో కనబడేలా మళ్లీ తీయండి. స్క్రూలను ఏ మూలవి ఆ మూలవిగా అట్టముక్కకి గుచ్చి పెట్టుకోండి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే వెనకున్న తీగచుట్టలోకి దిగబడుతుంది. లోపల బల్లి గుడ్లూ, కందిరీగ మట్టిగూడూ, ఎలుక కొరికిన వైర్లూ ఉంటే బెదిరిపోకండి. దుమ్ముని బ్లోయరుతో ఊదారంటే బేరింగుల్లోకీ స్విచ్చుల్లోకీ దూరుతుంది. మెత్తని పెయింటు బ్రష్షుతో కదిలిస్తూ వ్యాక్యూమ్ క్లీనరుతో లాగేయండి. మన తీరం ఉప్పుగాలికి కనెక్టర్ల మీద పచ్చగా చిలుం పడుతుంది. దానికి కాంటాక్ట్ క్లీనరు చాలు. ఉప్పుకాగితంతో రుద్దితే పైనున్న వెండిపూతో బంగారుపూతో లేచిపోతుంది, ఆ తర్వాత ఆరు నెలలకోసారి చిలుం తుడవడమే మీ పని అవుతుంది.

తర్వాత వెనకవైపు వోల్టేజి సెలెక్టరు చూడండి. విదేశీ యంత్రాల్లో 110, 130, 150, 220, 240 అని గుర్తులుంటాయి. మనది 230 కాబట్టి ముల్లు 220 మీదో 240 మీదో ఉండాలి. 110 దగ్గరుంటే ట్రాన్స్‌ఫార్మరు పోయినట్టే. అమెరికా యంత్రమైతే ఇంకో చిక్కుంది. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. సింక్రనస్ మోటారు కరెంటు లయను బట్టే తిరుగుతుంది గనుక ఇక్కడ ఆరింట ఐదు వంతుల వేగమే వస్తుంది, శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా దిగిపోతుంది. మోటారు పుల్లీ మారిస్తేగానీ అది కుదరదు. రెవాక్స్ ఎ77 లాంటి వాటిలో వేగాన్ని ఎలక్ట్రానిక్ సర్క్యూటే అదుపు చేస్తుంది, కాబట్టి ఆ బెడద లేదు. మెయిన్స్ తీగల రంగుని నమ్మకండి. పాత జర్మన్ వైరింగులో ఎర్రది ఎర్త్ తీగ. ఏది ఎక్కడికి పోతున్నదో మల్టీమీటరుతో చూసి తేల్చుకోండి.

ఇక కండెన్సర్లు, అంటే కరెంటుని కాసేపు దాచిపెట్టే భాగాలు. యంత్రం ప్రాణం వీటిలోనే ఉంది. ఎలక్ట్రోలిటిక్ కండెన్సరు అంటే అల్యూమినియం రేకుల మధ్య ద్రవంలో నానిన కాగితం, కింద రబ్బరు బిరడా. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ద్రవం ఆవిరైపోతుంది. వాడకుండా ఉంచితే రేకు మీది ఆక్సైడు పొర కూడా బలహీనపడుతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఒక లెక్క. రోహిణి కార్తెలో మన అటకల మీద ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు కదా! పైభాగం ఉబ్బినా, కింద జిగురులాంటి మరక కనబడినా, కండెన్సరు లోపలి నిరోధాన్ని కొలిచే ఈఎస్ఆర్ మీటరు ఎక్కువ చూపించినా మార్చాల్సిందే. కొత్తదాని మైక్రోఫారడ్లు పాతదాని అంకెకు సమానంగా గానీ 20 శాతం లోపు ఎక్కువగా గానీ ఉండొచ్చు. వోల్టేజి పాతదానికి తగ్గకూడదు. ఉష్ణోగ్రత 105 డిగ్రీలది అడిగి తీసుకోండి. ఎక్కువైతే మంచిదే కదా అని 1,000 ఉన్నచోట 4,700 పెడితే, స్విచ్చి వేసిన క్షణంలో అది లాగే కరెంటుకి, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయరు డయోడ్లు పోతాయి. ప్లస్సు మైనస్సు తారుమారైతే కండెన్సరు పేలుతుంది. అందుకే ఒకటి తీసి ఒకటి పెట్టాలి. అన్నీ ఒక్కసారే పీకి కుప్ప పోయొద్దు.

మెయిన్స్ తీగ లోపలికి వచ్చే చోట పసుపు రంగులో, గాజులా లోపలిది కనబడుతూ, మీద సన్నని పగుళ్లున్న చిన్న దిమ్మ ఉంటే దాన్ని పరీక్షలేమీ చేయకుండా తీసేయండి. అది కాగితపు ఫిల్టరు కండెన్సరు. పగుళ్లలోంచి తేమ పీల్చి, స్విచ్చి వేసిన కొద్దిసేపటికే గది నిండా పొగ నింపుతుంది. దాని స్థానంలో ఎక్స్2 అని ముద్ర ఉన్న 275 వోల్టుల ఏసీ రకమే పెట్టాలి. మెయిన్స్ తీగ నుంచి ఎర్త్‌కి పోయేదైతే వై రకం. మామూలు ఫిల్మ్ కండెన్సరు అక్కడ ప్రాణాపాయం. మోటారు పక్కనుండే కండెన్సర్లు కూడా ఏసీ రకమే. మిగతా ఫిల్మ్ రకాలనూ, సిల్వర్ మైకా వాటినీ ముట్టుకోకండి, అవి ఎండిపోయే జాతి కాదు. బాగున్న భాగాలన్నీ మార్చేసి ‘రీకండిషన్ చేశాం’ అనేవాళ్లుంటారు. అలా ముట్టుకున్న ప్రతిచోటా కొత్త తప్పుకి తావిచ్చినట్టే.

ప్లగ్గు పీకేసినా పెద్ద కండెన్సర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. వాల్వుల యంత్రమైతే 250 నుంచి 300 వోల్టుల దాకా. 10 కిలో ఓమ్స్, 10 వాట్ల రెసిస్టరుకి రెండు వైపులా ఇన్సులేషనున్న తీగలు అతికించి, కండెన్సరు రెండు కొసలకీ పది సెకన్లు ఆనించండి. మీటరు 5 వోల్టుల లోపు చూపించాకే చెయ్యి పెట్టాలి. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి ఠప్పుమనిపించడం మగతనం కాదు, కండెన్సరుకీ కంటికీ చేటు. ఈ పని చేసేటప్పుడు కరెంటు పని తెలిసిన పెద్దవాళ్లు పక్కనుండాలి. దీనికి బేరం లేదు.

సోల్డరింగుకి 25 నుంచి 40 వాట్ల ఐరను, మధ్యలో రోజిన్ ఉన్న 60/40 (తగరం, సీసం) లెడ్డు సరిపోతాయి. డబ్బాలో దొరికే సోల్డరింగు పేస్టు వద్దు. అందులో ఆమ్లం ఉంటే ఏడాదికల్లా రాగిని తినేస్తుంది. గోధుమరంగు బోర్డుల మీద రాగిగీత ఇట్టే లేచి వస్తుంది. మూడు సెకన్లకి మించి వేడి పెట్టకండి. లెడ్డు కరగకపోతే కొంచెం కొత్త లెడ్డు తగిలించి, అప్పుడు పంపుతో లాగండి. నెల్లూరులో దొరకని భాగాలకు చెన్నై రిచీ స్ట్రీటు ఉంది. పాత భాగాన్ని చేత్తో పట్టుకుని వెళ్లండి, చీటీ మీద రాసుకుని కాదు.

పవర్ ట్రాన్సిస్టర్లు, అంటే 2ఎన్3055 లాంటి ఇనప టోపీలు, విప్పాల్సి వస్తే వాటి కింద పలుచని మైకా బిళ్ల ఉంటుంది. మన గూడూరు గనుల్లో తవ్వేది ఈ అభ్రకమే. వేడిని పోనిస్తూ కరెంటుని ఆపే గుణం దానిది. బిళ్ల చిట్లితే కొత్తది వేసి, రెండు వైపులా తెల్లటి హీట్‌సింక్ పేస్టు పలుచగా రాయండి. బిగించాక టోపీకీ కింది రేకుకీ మధ్య మీటరు మోగకూడదు.

ఇప్పుడు కరెంటు. నేరుగా గోడ ప్లగ్గులో పెట్టకుండా సిరీస్ బల్బు ద్వారా, అంటే కరెంటు ముందు ఒక బల్బులోంచి పోయి యంత్రానికి చేరేలా, ఇవ్వండి. ఫిలమెంటున్న 100 వాట్ల పాతకాలపు బల్బే కావాలి, ఎల్ఈడీ దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిది. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది, వెంటనే ఆపండి. ప్లే నొక్కినప్పుడు మోటార్లు కరెంటు లాగి బల్బు కొంచెం వెలుగుతుంది, అది తప్పు కాదు. అరగంట అలా ఉంచి, ఏదీ కాలిన వాసన రాకపోతే బల్బు తీసేసి నేరుగా ఇచ్చి, డీసీ వోల్టేజీలను మాన్యువల్లో అంకెలతో పోల్చండి.

రబ్బరు సంగతి. పాత బెల్టులు తారులా కరిగి పుల్లీలకు అంటుకుంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో ఓపిగ్గా తుడవాలి. కొత్త బెల్టు కొలతకి పుల్లీల చుట్టూ దారం చుట్టి, ఆ పొడవుకి 5 శాతం తగ్గించి తీసుకోండి. టేపుని నొక్కిపట్టే పించ్ రోలరు గట్టిబడి నిగనిగలాడుతుంటే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. అప్పటికీ పట్టు రాకపోతే కొత్త రబ్బరు వేయించాలి. టేపుని నడిపే ఇరుసు, అంటే క్యాప్‌స్టన్ బేరింగుకి సూదిమొనతో ఒక్క చుక్క పలుచని నూనె. రెండో చుక్క రబ్బరు మీదికి పాకుతుంది. వేగం చూడ్డానికి పనికిరాని టేపు 19 మీటర్ల 5 సెంటీమీటర్లు కొలిచి రెండు కొసలా గుర్తు పెట్టండి. సెకనుకి 7½ అంగుళాల వేగంలో అది సరిగ్గా 100 సెకన్లలో, టేపు మీది శబ్దాన్ని చదివే హెడ్డుని దాటాలి.

హెడ్ల దగ్గర మాత్రం నిదానించండి. ఆ వేగంలో 10,000 హెర్ట్జ్ శబ్దం టేపు మీద 19 మైక్రాన్ల పొడవు ఆక్రమిస్తుంది. హెడ్డుకీ టేపుకీ మధ్య 2 మైక్రాన్ల మురికి పేరుకుందంటే ఆ శబ్దం దాదాపు సగానికి పడిపోతుంది. కంటికి శుభ్రంగానే కనబడే హెడ్డు ‘దుప్పటి కప్పినట్టు’ పలకడానికి ఇదే కారణం. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు, దూదిపుల్ల తీసుకుని, పుల్లకి గోధుమరంగు అంటడం మానేదాకా తుడవండి. శానిటైజరు వాడొద్దు, అందులో గ్లిజరినూ నీళ్లూ ఉంటాయి. హెడ్డు తీగచుట్ట బాగుందో లేదో మల్టీమీటరుతో కొలవాలని చెయ్యి దురదపెడుతుంది. ఆ కరెంటుకే హెడ్డు అయస్కాంతమై టేపులో బుసను పెంచుతుంది, కాబట్టి వద్దు. అయస్కాంతత్వం తీయడానికి డీమాగ్నెటైజరుంది. యంత్రం ఆపి, స్పూళ్లు గదిలోంచి పంపేసి, దాన్ని మీటరు దూరంలో ఆన్ చేసి, మెల్లగా హెడ్డు దగ్గరికి తెచ్చి, అంతకన్నా మెల్లగా వెనక్కి తీసి, మళ్లీ మీటరు దూరంలో ఆపండి. హెడ్డు పక్కనే స్విచ్చి ఆపితే ముందున్న దానికంటే ఎక్కువ అయస్కాంతమవుతుంది. గోరుతో రాస్తే టేపు అంచుల దగ్గర గాడి తగిలితే హెడ్డు అరిగిందని అర్థం. దాన్ని సానపెట్టడం అలవాటున్నవాళ్ల పని.

మిక్సరు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. శబ్దాన్ని పెంచీ తగ్గించే జారుడు మీటలు, అంటే ఫేడర్లు, గరగరమంటే కాంటాక్ట్ క్లీనరు చుక్క వేసి ముప్పైసార్లు కిందికీ పైకీ జరపండి. ఒక్కో చానలుకి ఒకే మైకు పెట్టి పోల్చుకుంటూ పోతే చెడ్డది దానంతటదే బయటపడుతుంది. దానితోపాటు రిబ్బన్ మైకేమైనా దొరికి ఉంటే నోటితో ఊది పరీక్షించకండి, లోపలి రేకు చిరిగిపోతుంది.

ఇప్పుడు స్పూళ్లు. ఒక్కోదాన్ని వెలుగుకి అడ్డంపెట్టి పక్కనుంచి చూడండి. టేపు చుట్టలోంచి వెలుతురు కనబడితే అది ఎసిటేటు, కనబడకపోతే పాలియెస్టరు. ఎసిటేటు తెగితే నీటుగా తెగుతుంది, అతికించుకోవచ్చు. వెనిగరు వాసన వస్తుంటే కుళ్లు మొదలైనట్టు, దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టి ముందుగా కాపీ తీయాలి. తెల్లటి బూజు ఉంటే మాస్కు పెట్టుకుని, స్టీలు డబ్బాలో సిలికా జెల్‌తో పొడిబారేదాకా ఉంచి, ఆరుబయట మెత్తని బ్రష్షుతో దులపండి. బూజుతోనే యంత్రమెక్కిస్తే హెడ్లన్నిటికీ పూస్తుంది.

1970ల నుంచి వచ్చిన పాలియెస్టరు టేపుల్లో, ముఖ్యంగా వెనకవైపు నల్లటి పూత ఉన్నవాటిలో, యాంపెక్స్ 456 లాంటివాటిలో, పూతని పట్టి ఉంచే బంక తేమ తాగి జిగటవుతుంది. కీచుమంటూ తిరిగి, గైడ్ల మీద గోధుమరంగు జిగురు వదిలి ఆగిపోతుంది. అలా అరిస్తే తక్షణం ఆపండి, లాగితే పాటే ఊడివస్తుంది. దానికి మందు 54 డిగ్రీల దగ్గర 8 గంటలు నిలకడగా వేడి చేసి, రాత్రంతా చల్లారనివ్వడం. ఆ తర్వాత కొన్ని వారాలపాటు పలుకుతుంది, ఆలోపే కాపీ చేసుకోవాలి. ఉష్ణోగ్రత నిలిపే డీహైడ్రేటరు గానీ, కాలేజీ ల్యాబులోని ఇంక్యుబేటరు గానీ కావాలి. మైక్రోవేవూ వంటింటి ఓవెనూ కుదరవు. వడియాల్లాగా డాబా మీద ఎండబెట్టడం అసలు కుదరదు. ఎసిటేటు టేపుకి ఈ వైద్యం చేస్తే అది చస్తుంది, అందుకే ముందు వెలుగు పరీక్ష చేయమన్నాను.

టేపు ఎక్కించేముందు రికార్డు మీట కింద చిన్న చెక్కముక్క దూర్చి కదలకుండా చేయండి. పొరపాటున నొక్కుకుంటే టేపు మీదున్నది చెరిపేసే ఎరేజ్ హెడ్డు ఎవరి మాటా వినదు. ఎండిపోయిన అతుకుల్ని సెల్లోటేపుతో కాకుండా స్ప్లైసింగ్ టేపుతో, 45 డిగ్రీల కోతతో మళ్లీ వేయండి. సెల్లోటేపు జిగురు పక్క చుట్టలకి కారుతుంది. మొదటిసారి వినేటప్పుడు ప్లేబ్యాక్ హెడ్డు వంపు సరిచేయాలి. టెస్టు టేపు లేకపోతే ఆ టేపులోనే హరికథ చిడతలున్నచోట ఆపుకోండి. రెండు చానళ్లనూ ఒకటిగా కలిపి వింటూ, ఆ వంపుని మార్చే అజిముత్ స్క్రూ ఇప్పుడున్న చోటు గుర్తు పెట్టుకుని, దాన్ని, పావు చుట్టుకి మించకుండా అటూ ఇటూ తిప్పండి. చిడతలు ఎక్కడ గల్లుగల్లుమని తేటగా పలుకుతాయో అదే సరైన చోటు. ఒక్కో టేపు ఒక్కో యంత్రం మీద ఎక్కినదైతే ప్రతిదానికీ ఇది మళ్లీ చేయాల్సిందే.

కంప్యూటరులోకి 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో వేవ్ ఫైలుగా ఎక్కించండి. స్టీరియో గంటకి 2 జీబీ అవుతుంది. 7 అంగుళాల స్పూలులో 1,200 అడుగుల టేపుంటే 7½ వేగంలో ఒక వైపు 32 నిమిషాలు. బుస తగ్గించే సాఫ్ట్‌వేరు అసలు ఫైలు మీద ప్రయోగించకండి. కావాలంటే దాని నకలు మీద చేసుకోండి. డబ్బా మీద చేతిరాతతో ఉన్నదంతా, అట్ట లోపల దొరికిన చీటీలతో సహా, ఫోటో తీసి అదే ఫోల్డరులో పెట్టండి. వాయించడం అయిపోయాక టేపుని వెనక్కి చుట్టకుండా, చివర బయటికి ఉండేలాగే డబ్బాలో పెట్టండి. ఒక చుట్ట మీది శబ్దం పక్క చుట్టకి అంటినా, అది అసలు మాటకి ముందు కాకుండా తర్వాత ప్రతిధ్వనిలా వస్తుంది, అంతగా చెవికి తగలదు. స్పూళ్లను పుస్తకాల్లాగే నిలువుగా పెట్టి, స్పీకర్లకి దూరంగా ఉంచండి.

వోల్టేజి సెలెక్టరు ఫోటో, యంత్రం వెనక అతికించిన రేకు మీది మోడలు నంబరు ఈ వారంలో పంపండి. ఏ కండెన్సర్లు కొనాలో చీటీ రాసి పంపుతాను.

మీ తాతయ్య