తొడుగు విప్పిన వైరస్

చిరంజీవులకు ఆశీస్సులు.

మొక్కకు తెగులు తెచ్చే వైరస్ చేత మందు ఎలా తయారు చేయిస్తారని అడిగారు. పొగాకు మొజాయిక్ వైరస్‌నే తీసుకుని చెబుతాను. అది 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న కడ్డీ. లోపల సుమారు 6,400 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ పోగు ఉంటుంది. దాని చుట్టూ ఒకే రకం ప్రోటీన్ ముక్కలు, సుమారు 2,130, మెలిక తిరుగుతూ పేర్చుకుని తొడుగవుతాయి. తన నకళ్లు తీసే ఎంజైమ్, పక్క కణంలోకి దారి చేసే ప్రోటీన్, పైతొడుగు, ఈ కాసింత రాతే దాని ఆస్తి. మిగతా సరంజామా అంతా మొక్కదే. అయినా సోకిన కణం చేత తొడుగు ప్రోటీన్‌ను గుట్టలుగా చేయిస్తుంది. ఆ తొడుగు జన్యువును నడిపే ప్రమోటర్ అనే రాత ముక్క వెనుక మనకు కావలసిన జన్యువును పెడితే అదీ అంతే జోరుగా పలకాలి కదా అన్నది శాస్త్రజ్ఞుల ఆలోచన.

వైరస్ అంత తేలికగా లొంగలేదు. మొదట్లో దాని జన్యువులన్నీ అలాగే ఉంచి, ప్రమోటర్‌ను రెండోసారి రాసి, కొత్త జన్యువును చేర్చారు. ఒకేలాంటి వరుస రెండు చోట్ల ఉన్నప్పుడు నకలు తీసే ఎంజైమ్ ఒకదాని మీద నుంచి రెండోదాని మీదికి జారుతుంది, మధ్యలో ఉన్నది ఊడిపోతుంది. బరువు దించుకున్న వైరస్ వేగంగా పెరుగుతుంది కనుక, కొన్నాళ్లకు పై ఆకులలో మన జన్యువు జాడే ఉండదు. ఆర్కిడ్ మొక్కలకు సోకే దాయాది వైరస్ నుంచి కాస్త వేరుగా ఉన్న ప్రమోటర్‌ను తెచ్చి పెట్టాక ఈ బెడద తగ్గింది.

నా దృష్టిలో అసలైన మలుపు 2000 తరువాతి సంవత్సరాలలో, జర్మనీలో వచ్చింది. అక్కడి పరిశోధకులు తొడుగు జన్యువునే తీసివేశారు. తొడుగు లేని వైరస్ పక్క కణాలకు పాకగలదు కాని, మొక్కంతా ప్రయాణించలేదు; అందుకని ఆ ప్రయాణం పనిని ఆగ్రోబాక్టీరియం అనే నేల బాక్టీరియాకు అప్పగించారు. అది వైరస్ రాతను డీఎన్‌ఏ రూపంలో కణకేంద్రకంలోకి పంపుతుంది. ఇక్కడే మరో చిక్కు ఎదురైంది. తరతరాలుగా కేంద్రకం గడప తొక్కని ఆర్‌ఎన్‌ఏ అది. అక్కడ తయారవగానే, కేంద్రకంలోని కత్తిరింపు యంత్రాంగం దానిలో కొన్ని చోట్లను ఇంట్రాన్ల (జన్యువు రాతలోంచి కోసి పారేసే ముక్కల) హద్దులుగా పొరబడి కోసేసేది. ప్రోటీన్ అర్థం చెడకుండా ఆ అక్షరాలను మార్చి, నిజమైన మొక్క ఇంట్రాన్లను చొప్పించేసరికి, వైరస్ నిలదొక్కుకునే కణాల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. ఇంత ఓపికగా చేసిన పనిని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఈ పని జరిగే ఆకును దగ్గరగా చూడండి. అది పొగాకుకు చుట్టమైన ఆస్ట్రేలియా మొక్క, నికోటియానా బెంథామియానా. సూది తీసేసిన సిరంజిని ఆకు అడుగుభాగానికి ఆనించి మెల్లగా నొక్కితే, బాక్టీరియా కలిపిన నీరు లోపలికి ఇంకి, తడిసిన గుడ్డలా ఆ మేర ముదురు రంగుకు తిరుగుతుంది. పెట్టినది జెల్లీఫిష్‌లోని వెలిగే ప్రోటీన్ జన్యువైతే, కొద్ది రోజులకు చీకటిలో అతినీలలోహిత దీపం కింద ఆ మేర ఆకుపచ్చగా వెలుగుతుంది. చుట్టూ ఉన్న ఆకు, పత్రహరితం వల్ల ఎర్రగా కనబడుతుంది.

2014లో ఎబోలా రోగులకు ఇచ్చిన జీమ్యాప్ అనే మందులోని మూడు యాంటీబాడీలు (రోగక్రిమిని పట్టుకునే ప్రోటీన్లు) ఈ మొక్కలోనే తయారయ్యాయి. యాంటీబాడీకి బరువు గొలుసు, తేలిక గొలుసు రెండూ ఒకే కణంలో పుట్టాలి. రెండింటినీ ఒకే రకం వైరస్ ప్రతుల మీద విడివిడిగా ఎక్కించి పంపితే, ఆ రెండు ప్రతులలో ఒకటి రెండోదాన్ని ఆ కణం నుంచి గెంటేస్తుంది. అందుకని ఒక గొలుసును పొగాకు మొజాయిక్ వైరస్‌కు, రెండోదాన్ని దానితో పోటీ పడని బంగాళాదుంప ఎక్స్ వైరస్‌కు అప్పగించే పద్ధతి కనిపెట్టారు. రెండూ ఒకే కణంలో కలిసి పనిచేస్తాయి. అక్కడ గొలుసులు జతకట్టి యాంటీబాడీ అవుతాయి.

ఇట్లు,
మీ తాతయ్య