టిల్లమూక్ తీరంలో ఇళ్ళ కరువు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని ఒరెగన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళలో సముద్ర తీరాన ఉన్న టిల్లమూక్ కౌంటీ చూడనివాళ్ళు తక్కువ. చీజ్ ఫ్యాక్టరీ దగ్గర ఐస్‌క్రీమ్ తిని, రాకవే బీచ్‌లోనో పసిఫిక్ సిటీలోనో రెండు రాత్రులు ఉండి వచ్చేస్తారు. నేను ఆ తీరంలోనే ఇళ్ళ ప్రణాళిక పని చేస్తాను. అక్కడి ఇళ్ళ కరువు గురించి నలుగురం కలిసిన ప్రతిచోటా నాకు అవే మాటలు వినబడతాయి.

అపోహ: అంత ఖాళీ నేల పెట్టుకుని ఇళ్ళు లేవంటారేమిటి?

కౌంటీలో చాలా భాగం కొండలు, అడవి. చదునుగా కనిపించేది ఏటి ఒడ్డున ఆవులు మేసే నేల. 1973లో వచ్చిన సెనేట్ బిల్లు 100 ప్రకారం ఒరెగన్‌లో ప్రతి ఊరికీ, అది ఎంతవరకు పెరగొచ్చో చెప్పే ఒక ఎదుగుదల గీత ఉంటుంది. ఆ గీత దాటితే పొలాన్నీ అడవినీ ప్లాట్లు కొట్టడం దాదాపు కుదరదు. వరిచేలలో వెంచర్లు లేవడం చూస్తూ పెరిగిన మనకి ఇది వింతే. నాకైతే ఈ చట్టమంటే గౌరవం. అది లేకపోతే ఆ పాడి ఈపాటికి మిగిలేది కాదు.

గీత లోపల ఉన్నా చిక్కే. డ్రైనేజీ పైపు లేని చోట సెప్టిక్ ట్యాంకు కట్టుకోవాలి, దాని నీరు ఇంకే నేల ఉండాలి. అందుకే ప్లాటు చూడటానికి వెళ్తే ముందు గొయ్యి తవ్విస్తాం. ఎండాకాలంలో గొయ్యి పొడిగానే ఉంటుంది. గోడకేసి చూస్తే మాత్రం గోధుమరంగు మట్టిలో ఒకచోట నుంచి బూడిదరంగు, తుప్పురంగు మచ్చలు మొదలవుతాయి. చలికాలంలో నీళ్ళు అంతవరకూ పైకి వస్తాయని అర్థం. ఏడాదికి దగ్గర దగ్గర 90 అంగుళాల వాన పడే ఊరు మరి. ఆ మచ్చలు మోకాలి లోతులోనే కనిపిస్తే, ప్లాటు కొన్నవాళ్ళ ముఖం చూడాలంటే నాకు మనసొప్పదు.

అపోహ: ఎయిర్‌బీఎన్‌బీలు (టూరిస్టులకి రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇళ్ళు) మూసేస్తే చాలు.

ఇందులో సగం నిజముంది. ఫిబ్రవరిలో ఏదైనా బీచ్ వీధిలో రాత్రిపూట నడవండి. ఇల్లు తర్వాత ఇల్లు చీకటి, తలుపుకి అంకెల తాళంపెట్టె. కానీ సముద్రం ఒడ్డునున్న పెద్ద ఇళ్ళకి అద్దెలు ఆపినా, యజమానులు తాళం వేసుకుని ఉంచుకుంటారు. స్కూలు టీచరు వాటిని కొనలేరు. ఊరి మధ్యలో ఉండే రెండు బెడ్‌రూముల పాత ఇళ్ళ సంగతి వేరు. స్థానిక కుటుంబానికి దక్కాల్సినవి అవే, వాటి పర్మిట్లకి పరిమితి ఉండాల్సిందే. మనవాళ్ళెవరైనా పెట్టుబడికి ఇల్లు చూస్తుంటే, అద్దె పర్మిట్ కొన్నవాళ్ళ పేరు మీదకి మారుతుందో లేదో ముందు కౌంటీని అడగండి.

టూరిస్టుల బస మీద వేసే పన్నుతో ఇళ్ళు కట్టొచ్చుగా అని కూడా అంటారు. కానీ ఆ తర్వాత కొత్తగా వేసిన బస పన్నులో కనీసం 70 శాతం పర్యాటకానికే ఖర్చుపెట్టాలని 2003 రాష్ట్ర చట్టం షరతు పెట్టింది.

అపోహ: ముందు ఉద్యోగాలు రానివ్వండి, ఇళ్ళు వాటంతటవే వస్తాయి.

ఉద్యోగాలు ఉన్నాయి. పాడి, చీజ్, కలప, ఆసుపత్రి, బడులు అన్నీ మనుషుల కోసం చూస్తున్నాయి. ఒక నర్సమ్మ అక్టోబరులో ఉద్యోగంలో చేరింది, మంచి ఇల్లే దొరికింది. మే నెలలో ఓనరు ఖాళీ చెయ్యమన్నాడు, టూరిస్టుల సీజను కదా. పిల్లల్ని పెట్టుకుని నెలరోజులు ఇంకో ఇంటి కోసం తిరిగి, చివరికి ఉద్యోగం మానేసి వెళ్ళిపోయింది. ఆ ఖాళీ నింపడానికి మళ్ళీ ప్రకటన వేశారు. నా లెక్కలో అక్కడ ఇల్లే ఆర్థికాభివృద్ధి.

అపోహ: సరసమైన ఇళ్ళంటే పనీపాటా లేనివాళ్ళకి.

అర్హతని ఆ కౌంటీ మధ్యస్థ ఆదాయంతో (సగం కుటుంబాలు దానికన్నా ఎక్కువ, సగం తక్కువ సంపాదించే మొత్తంతో) పోల్చి చూస్తారు. స్కూలు బస్సు డ్రైవరు, హోటల్లో గదులు శుభ్రం చేసే ఆవిడ, చాలాసార్లు ఇద్దరూ సంపాదించే జంట కూడా అందులోకే వస్తారు.

అపోహ: సముద్రం ఎదురుగా ప్లాటంటే బంగారమే.

బేఓషన్ పేరు విన్నారా? 1910 ప్రాంతంలో టిల్లమూక్ బే ముందున్న ఇసుక దిబ్బ మీద వెలసిన రిసార్టు ఊరది. హోటలు, ఈతకొలను, వీధులు, అన్నీ ఉండేవి. 1917కల్లా బే ముఖద్వారానికి ఉత్తరాన మాత్రమే రాతికట్ట వేశారు. దాంతో అలల పోకడ మారి దిబ్బ కోతకు గురైంది. 1952లో తెగిపోయింది, 1960లో చివరి ఇల్లూ కడలిలో కలిసింది. ఇది కాక, ఈ తీరానికి దగ్గర్లో సముద్రం అడుగున ఉన్న కాస్కేడియా పగులు నుంచి వచ్చే భూకంపం భయం ఉంది. 1700 జనవరి 26న అక్కడి భూకంపం తెచ్చిన సునామీ జపాన్ దాకా వెళ్ళింది. కొత్త ఇళ్ళు మెట్ట మీదకి, పైపులున్న ఊళ్ళోకి రావాలని మేం పట్టుబట్టేది అందుకే.

2023లో వచ్చిన సెనేట్ బిల్లు 406తో, టిల్లమూక్ కౌంటీలో డ్రైనేజీ ఉన్న ఊళ్ళలో ఒక్క ఇంటి స్థలంలో రెండు, మూడు, నాలుగు వాటాల ఇళ్ళు కట్టే దారి తెరుచుకుంది. అక్కడ స్థలం ఉన్న తెలుగువాళ్ళు దయచేసి ఒక్క వాటా అయినా ఏడాది పొడుగునా అద్దెకివ్వండి. మే నెలలో ఖాళీ చెయ్యమనకండి.