రోజుకో వచనమా, వరుసగా అధ్యాయమా? పాత తగువు వెనక కథ

రోజువారీ సువార్త ధ్యానాల మీద పాత తగువు మళ్లీ రాజుకుంది. ఉదయాన్నే ఫోన్‌లో వచ్చే నాలుగు వాక్యాల ధ్యానంలో ఓదార్పు ఉంది, ఆశీర్వాదం ఉంది, యేసును వెంబడించడం మాత్రం లేదని, బైబిలును వరుసగా అధ్యాయాలే చదవాలని ఒక పక్షం అంటోంది. బైబిలే తెరవని మనిషి ఒక్క వచనమైనా చదువుతున్నాడు, అది కూడా వద్దంటారా అని రెండో పక్షం అడుగుతోంది. ఆ ధ్యానాలను సాఫ్ట్‌వేర్‌తో రాయించడం కూడా మొదలయ్యాక ఇద్దరి గొంతులూ పెరిగాయి.

యూదుల సమాజమందిరాల్లో గ్రంథపు చుట్టలు చదవడం, మఠాల్లో సన్యాసుల పఠనం, ఇవన్నీ చాలామందికి తెలిసినవే. వాటిని పక్కన పెట్టి నేరుగా 1728 మే నెలకు వెళ్దాం.

చోటు జర్మనీలోని సాక్సనీలో హెర్న్‌హూట్. నేటి చెక్ దేశంలోని మొరావియా నుంచి విశ్వాసం కోసం పారిపోయి వచ్చినవాళ్లు 1722లో కౌంట్ జిన్‌జెండార్ఫ్ భూముల్లో కట్టుకున్న ఊరు అది. 1728 మే 3 సాయంత్రం కూడికలో జిన్‌జెండార్ఫ్ మరుసటి రోజు కోసం అందరికీ ఒక చిన్న మాట ఇచ్చాడు. కాపలావాళ్లు ఒకరికొకరు చెప్పుకునే సంకేత పదంలాంటిది. ఆ తర్వాత ఇలాంటి మాటను ఇంటింటికీ తిరిగి చెప్పడం అలవాటైంది. 1731కల్లా ఏడాదికి సరిపడా మాటలు పుస్తకంగా అచ్చయ్యాయి. ‘లోసుంగెన్’ అనే ఆ పుస్తకం అప్పటినుంచి ఏటా వస్తూనే ఉంది.

నా లెక్కలో ఈ కథ మలుపు తిరిగింది ఇక్కడే. వచనం అధ్యాయం గడప దాటి ఒంటరిగా బయటికొచ్చింది ఇక్కడ. హెర్న్‌హూట్‌లో దానివల్ల పెద్ద నష్టం జరగలేదు. అక్కడివాళ్లు ఆ మాట విన్నాక ఒకే ఊళ్లో, ఒకే పనిలో, ఒకే కూడికలో రోజంతా కలిసి ఉండేవాళ్లు. దాన్ని తనకు నచ్చినట్టు మలుచుకుంటే పక్కింటివాడు ఊరుకోడు. అచ్చుపుస్తకం ఊరు దాటాక ఆ పక్కింటివాడు లేడు. మిగిలింది చదివేవాడు, ఒక వచనం, అంతే.

అయినా మొరావియన్లు ఒక జాగ్రత్త పాటించారు. ఇప్పుడు స్థిరపడిన పద్ధతిలో పాత నిబంధన వచనాన్ని ఎవరూ ఎంచుకోరు. దాదాపు 1,800 వచనాల్లోంచి చీటీ తీస్తారు, అదీ మూడేళ్ల ముందే. దానికి తగిన కొత్త నిబంధన వచనాన్ని తర్వాత జతచేస్తారు. అంటే ఆ రోజు పాఠకుడికి ఏది నచ్చుతుందో అన్న లెక్క అందులో లేదు. ఈ రోజుల్లో ఒక్క వచనాన్ని సమర్థించేవాళ్లు హెర్న్‌హూట్ పేరు చెబుతారు కానీ ఈ చీటీ ఊసెత్తరు.

చీటీ స్థానంలో ఎంపిక వస్తే ఏమవుతుందో 19వ శతాబ్దంలో కనబడుతుంది. 1888లో లండన్ బోధకుడు స్పర్జన్ రోజుకో వాగ్దానం చొప్పున ఏడాదికి సరిపడా పుస్తకం తెచ్చాడు. వాగ్దానాన్ని ఆయన బ్యాంకు చెక్కుతో పోల్చాడు. విశ్వాసంతో సంతకం చేసి, తీసుకెళ్లి, సొమ్ము చేసుకోవాలి. ఆయన తేలిక రోజుల్లో రాసిన పుస్తకం కాదది. అప్పటికి ఆయన గొడవల మధ్య, అనారోగ్యంలో ఉన్నాడు. కానీ ఆ పోలిక ఆయన చేయి దాటిపోయింది. చెక్కు పట్టుకున్నవాడు అడిగేది ఒక్కటే: ఇందులో నాకెంత?

ఆ ప్రశ్నకు నేటి రూపం ఫోన్‌లో ఉంది. యూవర్షన్ బైబిల్ యాప్ 2008లో వచ్చింది. 2020లో, కోవిడ్ ఏడాదిలో, ఆ యాప్‌లో జనం అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నది యెషయా 41:10, “నీకు తోడైయున్నాను భయపడకుము”. అది తప్పని ఎవరంటారు? ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాడికి ఆ ఒక్క వాక్యమే ఊపిరి. రెండో పక్షానికి ఇంతకన్నా బలమైన వాదన లేదు, దీన్ని తీసిపారేయకూడదు.

కానీ యిర్మీయా 29:11 సంగతి చూడండి. “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు” అన్న మాట కార్డుల మీద, గోడల మీద ఎక్కడ చూసినా ఉంటుంది. అది బబులోనుకు చెరపోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరంలోది. దాని ముందు వచనంలో బబులోనులో డెబ్బై ఏళ్లు గడవాలని ఉంది. ఆ ఉత్తరం అందుకున్న పెద్దల్లో చాలామంది ఆ మేలును కళ్లతో చూడకుండానే పోయి ఉంటారు. అది కార్డు మీద పట్టదు.

ఈ తగువులో రెండు పక్షాలూ తమవాడని చెప్పుకునే మనిషి, నాజీలను ఎదిరించిన జర్మన్ పాస్టర్ డీట్రిచ్ బోన్‌హోఫర్. 1939 జూన్‌లో ఆయన న్యూయార్క్‌లో ఉన్నాడు. జర్మనీ నాజీల చేతిలో ఉంది, అమెరికాలో ఉండిపోయే వీలుంది. జూన్ 26న బైబిల్లో పౌలు తిమోతికి రాసిన మాట అనుకోకుండా ఎదురైంది: శీతకాలం రాకముందే బయలుదేరి రా. ఆ మాట ఆయనను వదల్లేదు, డైరీలో రాసుకున్నాడు. తిరిగి వెళ్లాలని అప్పటికే తేల్చుకున్నాడు. జులైలో ఓడ ఎక్కాడు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్‌లో ఆయనను ఉరితీశారు. ఒక్క వచనం ఏం చేయగలదో చూడండి అంటుంది రెండో పక్షం.

అయితే అదే 1939లో అచ్చయిన ఆయన పుస్తకంలో, ఫింకెన్‌వాల్డే వేదపాఠశాలలో విద్యార్థులతో కలిసి బతికిన అనుభవం నుంచి రాసినదాంట్లో, ఆయన చెప్పింది వేరు. రోజుకో వచనం మంచిదే, కానీ అది మొత్తం లేఖనానికి బదులు కాదు. ఉదయం సాయంత్రం పాత నిబంధనలో ఒక అధ్యాయం, కొత్త నిబంధనలో కనీసం సగం అధ్యాయం వరుసగా చదవాలన్నాడు. వరుసగా చదివితే మనం మన కథలోంచి లేచి దేవుడు ఇతరులతో నడిపిన కథలోకి వెళ్తామన్నది ఆయన వాదన. శీతకాలం మాట ఆయనకు అంత గట్టిగా తగిలిందంటే, అంతకుముందు ఏళ్లతరబడి అధ్యాయాలు చదివి ఉండటం వల్లేనని నాకనిపిస్తుంది.

వరుస పఠనానికి పెద్ద ఊతం వచ్చింది మాత్రం ఊహించని వైపు నుంచి. కతోలిక సంఘపు రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరు 4న ఆరాధన గురించి వెలువరించిన పత్రంలో, బైబిలు నిధులను జనానికి మరింత ధారాళంగా తెరవాలని కోరింది. దాని ఫలితమే 1969 నవంబరు 30 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త పఠన పట్టిక, అంటే ఏ రోజు పూజలో ఏ బైబిలు భాగం చదవాలో చెప్పే జాబితా. అంతకుముందు తపస్సుకాలం (ఈస్టరుకు ముందు నలభై రోజులు) బయట, పునీతుల పండుగ లేని మామూలు రోజుల్లో తరచుగా ఆదివారం పఠనాలే మళ్లీ చదివేవారు. కొత్త పట్టికలో సామాన్యకాలపు (పెద్ద పండుగకాలాలు కాని మిగతా ఏడాది) వారపు రోజుల్లో మార్కు, తర్వాత మత్తయి, తర్వాత లూకా దాదాపు వరుసగా నడుస్తాయి. ఆదివారాలు, వారపు రోజులు కలిపితే నాలుగు సువార్తల్లో ఇంచుమించు పదింట తొమ్మిది వంతులు వినబడతాయి.

దీనివల్ల ధ్యానం రాసేవాడి పని మారిపోయింది. రేపటి భాగం ఏదో రేపటి భాగమే. ఎండిపోయిన అంజూరపు చెట్టు వస్తే దాని గురించే రాయాలి. ఆస్తి అమ్మి బీదలకు ఇవ్వమన్న మాట వస్తే తప్పించుకోడానికి సందు లేదు. నచ్చిన వచనం ఎంచుకునేవాడికి ఈ టెన్షన్ లేదు.

వరుస పఠనం కోరే పక్షం వాళ్లు తమ వాదనకు మూలంగా చూపేది లూకా 9:23. “ప్రతిదినము తన సిలువను ఎత్తికొని నన్ను వెంబడింపవలెను.” ఇదే మాట మత్తయిలో, మార్కులో కూడా ఉంది, కానీ ‘ప్రతిదినము’ అన్న పదం లూకాలో మాత్రమే ఉంది. రోజువారీ ధ్యానానికి ఇంతకన్నా సూటిగా వర్తించే వచనం సువార్తల్లో మరొకటి లేదేమో.

దీనికి అవతలివాళ్ల దగ్గర ఒక మంచి జవాబు ఉంది. పట్టిక కూడా కొన్నిటిని దాటేస్తుంది. ఆదివారాల్లో, మహోత్సవాల్లో నిజంగా కష్టమైన భాగాలను సంఘకాపరి దృష్టితో తప్పించామని ఆ పట్టిక ముందుమాటే ఒప్పుకుంటుంది. ఆ లూకా వచనాన్నే తీసుకోండి. తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం మరునాడు అది చదువుతారు, ఆదివారాల మూడేళ్ల చక్రంలో మూడోదైన సి సంవత్సరంలో ఒక ఆదివారం కూడా వస్తుంది. సామాన్యకాలంలో లూకాను వరుసగా చదివే 25వ వారంలో మాత్రం శుక్రవారం పఠనం తొమ్మిదో అధ్యాయం 22వ వచనంతో ఆగుతుంది. శనివారం 43వ వచనం మధ్యలో మొదలవుతుంది.